చక్కుణ్ణి కొటేషన్

ఒల్లూరు చుట్టుపక్కల కొటేషన్ అనే మాట వాడేటప్పుడు ఎక్కడ కూర్చుని వాడుతున్నామో చూసుకోవాలి. కొట్లో అంటే సరుకు ధర చెప్పడం. కల్లు షాపులో అంటే ఒక మనిషి కాలో, చెయ్యో, పీకో తీస్తానని ఒప్పుకోవడం. ఇంగ్లీషువాడి మాటను ఇంత ముద్దుగా పెంచి పెద్దచేసింది మా త్రిశూర్ రౌడీలే. కొటేషన్ ఇచ్చేవాడొకడు, తీసుకునేవాడొకడు, పడేవాడొకడు.

దేవస్సికి ఇది తెలియక కాదు. పుట్టి పెరిగింది అక్కడే. కాని ఏళ్ళ తరబడి స్పీకర్ల మధ్య బతికి బతికి అతని గొంతు చిన్నగా పలకడం మరిచిపోయింది. చెవిలో చెప్పాల్సిన సంగతి కూడా రోడ్డు అవతల ఇస్త్రీ బండివాడికి వినబడేది. చర్చి వెనక వీధిలో అతని ఆడియో కొట్టు. ముందు గదిలో సరుకు, వెనక గదిలో గోడలకు మెత్తలు కొట్టిన వినికిడి గది. ఆంప్లిఫయర్ కొనదలచినవాడు ముందు ఆ గదిలో కూర్చుని వినాలి, తరవాత దేవస్సి చేత నాలుగు తిట్లు తినాలి, అప్పుడు కొనుక్కోవాలి. తిట్లు ఇష్టంలేనివాళ్ళు కొచ్చి పోయేవారు.

వానలు వెనకబట్టిన రోజుల్లో చక్కుణ్ణి వచ్చాడు. క్వారీ చక్కుణ్ణి. కొండను సగం తినేసి, మిగిలిన సగం పక్కన కొత్త ఇల్లు కట్టినవాడు. అందులో సినిమా చూడడానికి ప్రత్యేకంగా ఒక గది, బయటికి చప్పుడు పోకుండా రెండు వరుసల గోడ. మనిషెత్తు స్పీకర్లు జర్మనీ నుంచి దిగాయి. వాటిని నడిపే ఆంప్లిఫయర్ ఒక్కటే మిగిలింది. వెంట సుబ్రన్ వచ్చాడు. సుబ్రన్ అంటే చక్కుణ్ణికి కుడిచెయ్యి. ఆ చెయ్యి ఏం చేస్తుందో ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఎక్కువ వాట్లు ఉన్నది తియ్యి. సినిమాలో బాంబు పడితే కొండ పేలినట్టుండాలి," అన్నాడు చక్కుణ్ణి.

"కొండ పేలడం వినాలంటే నీ క్వారీలో కుర్చీ వేసుకో. నా దగ్గరికెందుకు?"

"వెటకారం ఆపు. ఆ మూల ఉన్న పెద్ద డబ్బా ఏంటి?"

"అది పెళ్ళిపందిరికి పనికొస్తుంది. చూడు చక్కుణ్ణీ, నువ్వు కొన్నవి స్పీకర్లు కావు, ఏనుగులు. ఏనుగు పక్కన అరిచేవాడు కాదు, దాన్ని నిలబెట్టగలిగే మావటి కావాలి. స్పీకర్‌ను ముందుకు తోయడం ప్రతి డబ్బా చేస్తుంది. చప్పుడు ఆగాల్సిన చోట దాన్ని పట్టి ఆపాలి. ఆపడం రాని ఆంప్ పెడితే దెబ్బ మీద దెబ్బ పడి అంతా ముద్దయిపోద్ది. సినిమాకి ఎలాగో సర్దుకున్నా, పాట మాత్రం పాడె ఎక్కుద్ది."

"నాకు పాటలొద్దు."

"అయితే ఇంట్లో మిక్సీ ఉందిగా, అది పెట్టుకో."

చక్కుణ్ణి లాగి కొట్టాడు. దేవస్సి కళ్ళద్దాలు గోడకు తగిలి కిందపడ్డాయి. దేవస్సి కూడా గాజులు తొడుక్కోలేదు. చేతికి దొరికిన ఇనప స్టాండు ఎత్తి చక్కుణ్ణి నెత్తిన వేయబోయాడు. సుబ్రన్ మధ్యలో పట్టుకుని మెలిపెడితే స్టాండుతో పాటు దేవస్సి కూడా నేలకరిచాడు. పెదవి పగిలింది.

"నా కొట్లో ఇంకోసారి కాలు పెట్టావంటే నరికేస్తా," అన్నాడు కిందనుంచే.

"నరుకుదువుగాని. ముందు లే," అని నవ్వుతూ వెళ్ళిపోయాడు చక్కుణ్ణి. ఈ గొడవ సాయంత్రానికి ఊరంతా పాకింది.

ఆ పై వారమే ఇట్టూప్ వచ్చాడు. ఇట్టూప్ చక్కుణ్ణికి సొంత తమ్ముడు. క్వారీ పంపకాల దగ్గర చెడిన దగ్గరనుంచి ఆ అన్నదమ్ములు నెత్తురు కళ్ళచూడని ఏడాది లేదు. తమ్ముడి లారీ తగలబడింది. అన్న మనిషికి చెవి తెగింది. తల్లి చనిపోతే శవపేటికకు చెరోవైపున మనుషుల్ని వేసుకుని నిలబడ్డారు, ఫాదర్ ప్రార్థన తొందరగా ముగించాల్సి వచ్చింది. అలాంటి ఇట్టూప్ ఒంటరిగా వచ్చి, చొక్కా జేబులోంచి ఒక పాత క్యాసెట్ తీసి బల్లమీద పెట్టాడు.

"దేవస్సి చేట్టా, మా చేట్టన్ స్పీకర్లకి ఆంప్ కావాలి," అన్నాడు. మాకు అన్నను పిలిచే పిలుపు అదే, వయసులో పెద్దవాడైతే పరాయివాణ్ణీ అలాగే పిలుస్తాం.

"ఆ వెధవ పంపాడా?"

"లేదు. ఫాదర్ వచ్చి చేసే కొత్తింటి ఆశీర్వాదానికి నేనే ఇస్తున్నా. ఇంక నావల్ల కాదు చేట్టా. నా కొడుకు నిన్న బొమ్మ గీశాడు. ఇల్లు, చెట్టు, గేటు దగ్గర కత్తి పట్టుకుని ఒకడు. ఎవర్రా అంటే పెదనాన్న అన్నాడు."

దేవస్సి క్యాసెట్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

"నేనిచ్చానని ముందే తెలిస్తే గేటు దగ్గరే పగలగొడతాడు. గదిలో బిగించి, ఈ క్యాసెట్ పెట్టాకే తెలియాలి. అప్పటిదాకా నువ్వు చెప్పొద్దు."

"నా నోటి సంగతి తెలిసే అంటున్నావా?"

"మాత మీద ఒట్టెయ్యి."

దేవస్సి ఒట్టేశాడు. ఆ తరవాత ఇద్దరూ వెనక గదిలో కూర్చున్నారు. క్యాసెట్‌లో ఉన్నది వాళ్ళ చిన్నప్పటి పెరున్నాళ్, అంటే చర్చి పండగ, ఊరేగింపు. గల్ఫ్ నుంచి వచ్చిన మేనమామ రికార్డు చేసింది. బ్యాండులో క్లారినెట్ వాయించినవాడు వాళ్ళ నాన్న కుంజువరీత్. వారమంతా రాళ్ళు కొట్టి, పెరున్నాళ్‌కి ఎర్రకోటు వేసుకుని వాయించేవాడు.

మొదట దేవస్సి చక్కుణ్ణి అడిగిన పెద్ద డబ్బానే పెట్టాడు. డోలు మోత కాళ్ళకింద నేలను కుదిపేసింది. ఆ మోతలో క్లారినెట్ ఎక్కడో కొట్టుకుపోయింది. ఇట్టూప్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు దేవస్సి రెండు ముక్కల ఆంప్ తగిలించాడు. ఎడమ స్పీకర్‌కి ఒక ముక్క, కుడి స్పీకర్‌కి ఒక ముక్క, దేని బలం దానిదే. సినిమాకి వేరే చిన్న పెట్టె ముందు పెడితే మిగతా స్పీకర్లను అది చూసుకుంటుంది, ఈ రెండు పెద్దవాటి జోలికి రాదు. డోలు కొట్టినచోట కొట్టి అక్కడే ఆగింది. రెండు దెబ్బల మధ్య సందు ఏర్పడింది. ఆ సందులోంచి క్లారినెట్ లేచింది, దాని మధ్యలో ఒక దగ్గు. రాతిదుమ్ము పట్టిన గుండెలోంచి వచ్చిన దగ్గు. రెండుసార్లు దగ్గి, వదిలిన చోటునుంచే మళ్ళీ ఎత్తుకున్నాడు కుంజువరీత్.

ఇట్టూప్ ముందుకు వంగి వింటున్నవాడల్లా ఒక్కసారిగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"వెనక్కి తిప్పు."

దేవస్సి తిప్పాడు. మళ్ళీ విని, మళ్ళీ తిప్పించాడు. చివరికి అంత మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఇదే చేట్టా. ఇదే కావాలి."

"దగ్గు వినబడిందనా?"

"ఇంకోటి వినబడింది. ముందు మా చేట్టన్ వినాలి, తరవాత నీకు చెప్తా." క్యాసెట్ దేవస్సి దగ్గరే వదిలి వెళ్ళాడు.

ఇంక దేవస్సి నోటి సంగతి. మర్నాడు మధ్యాహ్నం కల్లు షాపులో ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిముక్కలు వేసిన బీఫ్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కొచ్చి నుంచి సరుకు పంపేవాడు ఫోన్ చేశాడు. ఇట్టూప్ పేరు రాకూడదని దేవస్సి ఎంతో జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

"ఆ, చక్కుణ్ణి కొటేషన్ నాకే ఖాయమైంది. లేదు లేదు, చిన్నవాటికి లొంగే రకం కాదు. రెండు ముక్కలే చెయ్యి, ఒక్కటిగా వద్దు. ఇంటి ఆశీర్వాదం రోజున, ఆ సినిమా గదిలోనే. రెండు వరుసల గోడ, బయటికి చప్పుడు రాదులే. బరువా? నలుగురు మొయ్యాలి. చేయిస్తున్నదెవరో ఆయనకి చివరిదాకా తెలియకూడదు, నీ నోరు కట్టుకో."

పక్క బల్ల దగ్గర సుబ్రన్ మనిషి ఒకడు చేపముక్క నోటిదాకా తెచ్చి అలాగే ఉండిపోయాడు.

దేవస్సి చేతులు కడుక్కునే లోపల జీపు వచ్చింది. ఎందుకు, ఏమిటి అనేలోపే మెడమీద ఒకటి, కడుపులో ఒకటి పడ్డాయి. జీపు వెనక బోర్లా పడుకోబెట్టి వీపుమీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. క్రషర్ ఆఫీసులోకి ఈడ్చుకెళ్ళి పడేసేసరికి చక్కుణ్ణి బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. బయట యంత్రం రాళ్ళను నమిలేస్తోంది. లోపల ఎవడు అరిచినా ఆ చప్పుడులో కలిసిపోతుంది.

"ఎవరిచ్చారు?" అన్నాడు చక్కుణ్ణి.

"ఏంటి ఇచ్చేది?"

సుబ్రన్ ఇనపరాడ్డుతో మోకాలిచిప్ప మీద కొట్టాడు. దేవస్సి కూలిపోయాడు.

"నా కొటేషన్. ఎవరిచ్చారు?"

అప్పుడు దేవస్సికి వెలిగింది. నొప్పితోనే నవ్వేశాడు. ఆ నవ్వుకు ముందుపన్ను ఒకటి ఊడింది.

"ఆంప్లిఫయర్ రా బాబూ. నీ ఇంటికి పెట్టే ఆంప్లిఫయర్ కొటేషన్."

"నేనడిగానా నిన్ను? నా చేత చెంపదెబ్బ తిని, నరుకుతానన్నవాడివి, నా ఇంటికి ఆంప్ తెస్తావా? పోనీ తెచ్చావే అనుకో. బహుమానం ఇచ్చేవాడు పేరెందుకు దాస్తాడు? చప్పుడు బయటికి రాకూడదని ఎందుకంటాడు? నలుగురు మోసేది ఆంపా, నా శవమా?"

"కొచ్చికి ఫోన్ చేసి కనుక్కో."

"వాడూ నీ జట్టేగా."

చక్కుణ్ణి అడిగిన ప్రతిదానికీ జవాబు ఒక్కటే. ఆ పేరు. ఈ గదిలో, ఈ మనుషుల మధ్య కొటేషన్ ఇచ్చింది ఇట్టూప్ అంటే వాణ్ణి తన చేత్తో నరికినట్టే. ఇట్టూప్ ప్రాణం ఇప్పుడు తన నాలుక మీద ఉంది. పళ్ళు బిగించి, మాతను తలుచుకున్నాడు.

రాతి నమూనాలు పగలగొట్టే సుత్తి తెచ్చారు. ఇద్దరు దేవస్సి కుడిచేతిని బల్లమీద పరిచి పట్టుకున్నారు. సుబ్రన్ తొందరపడలేదు. చూపుడువేలు మీద కొట్టాడు. ఎముక నలిగిన చప్పుడు దేవస్సికి స్పష్టంగా వినబడింది. ఏ చప్పుడూ వదలని చెవులు మరి. నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పి తేడా పట్టే వేలు అది. ఎవరిచ్చారు? దేవస్సి కేక పెట్టాడుగాని పేరు చెప్పలేదు. నడిమివేలు మీద పడింది. ఒళ్ళంతా చెమట, ప్యాంటు తడిసిపోయింది. ఉంగరపు వేలు మీదికి సుత్తి లేచింది.

"ఇట్టూప్," అన్నాడు. "నీ తమ్ముడు. నీకు బహుమానంగా, మీ నాన్న క్యాసెట్‌తో..."

పేరు తరవాతి మాటలు ఎవరూ వినలేదు. చక్కుణ్ణి సుబ్రన్ వైపు చూసి తల ఊపాడు, అంతే. సుబ్రన్ బీరువా వెనకనుంచి వేటకత్తి తీశాడు. జేబులోంచి ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. వెంట వెళ్ళే ఇద్దరూ తమవి పక్కన పెట్టారు. పనికి పోయేటప్పుడు ఫోన్ వెంట ఉండకూడదు, ఏ టవర్ కింద ఉన్నదీ పోలీసులకు దొరికిపోతుంది. ఆ నియమం పెట్టింది చక్కుణ్ణే. జీపు వెళ్ళిపోయింది.

దేవస్సి నేలమీద పడి నెత్తురు ఉమ్ముతూనే మాట్లాడాడు. నోరు మూయమని చక్కుణ్ణి డొక్కలో తన్నాడు. అయినా ఆపలేదు.

"దగ్గు, చక్కుణ్ణీ. కుంజువరీత్ దగ్గు. పెరున్నాళ్ పాట మధ్యలో రెండుసార్లు దగ్గి, ఆపిన దగ్గర్నుంచే ఎత్తుకుంటాడు. నాకెలా తెలుసు? చెప్పు. నాకెలా తెలుసు?"

రెండో తాపుకు లేచిన కాలు దిగిపోయింది.

"ఆ క్యాసెట్ పోయింది," అన్నాడు చక్కుణ్ణి. "అమ్మ పోయినప్పుడు ఇల్లంతా వెతికా."

"నీ తమ్ముడు దాచుకున్నాడు. ఏడుస్తూ విన్నాడు, నా పక్కన కూర్చుని. నీతో కలవాలనుకున్నాడు. అందుకే ఆంప్."

చక్కుణ్ణి ఫోన్ తీసి సుబ్రన్ నంబరు నొక్కాడు. బల్లమీద సుబ్రన్ ఫోన్ మోగింది. మోగుతూ, వణుకుతూ, పక్క ఫోన్లను తోసుకుంటూ బల్ల అంచుకు జరిగింది. గదిలో ఉన్నవాళ్ళంతా దానివంకే చూస్తూ నిలబడ్డారు. చక్కుణ్ణి పిచ్చివాడిలా మళ్ళీ అదే నంబరు నొక్కాడు.

రెండో జీపు తీశారు. దేవస్సి ఎవరూ ఎక్కించకుండానే పాక్కుంటూ ఎక్కాడు. రైలు గేటు పడి ఉంది. చక్కుణ్ణి దిగి గేటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. గూడ్సు బండి తన దారిన తను నిదానంగా పోయింది.

ఇట్టూప్ తన ఇంటి గేటు ముందు లారీ టైర్లు కడుక్కుంటూ సుబ్రన్‌కి దొరికాడు. వీళ్ళ జీపు మలుపు తిరిగేసరికి మొదటి వేటు భుజాన పడి ఉంది, చెయ్యి చర్మానికి వేలాడుతోంది. రెండోది వీపున పడింది. ఇట్టూప్ లారీ పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు. చక్కుణ్ణి "ఆపండ్రా" అని అరుస్తూ హారన్ నొక్కి పట్టుకున్నాడు. హారన్ మోతలో అరుపు మునిగిపోయింది. సుబ్రన్ వెనక్కి తిరిగి చూశాడు. అయ్యగారు స్వయంగా వచ్చారు, ఇంకా ముగించలేదని తొందరపెడుతున్నారు అనుకున్నాడు. మూడో వేటు మెడమీద వేశాడు.

చక్కుణ్ణి తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాడు. తెగినచోట అరచెయ్యి అదిమిపెట్టాడు, వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ఎగజిమ్మింది. ఇట్టూప్ అన్నను చూసి ఏమీ అనలేదు. అతని భుజం మీదుగా, జీపు పట్టుకుని నిలబడిన దేవస్సిని చూశాడు.

"చెప్పొద్దన్నానుగా, చేట్టా," అన్నాడు.

ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది. ఆ మాట దేవస్సి చెవిలో ఉండిపోయింది. సుత్తి దెబ్బ ఎందరికి తెలుసు, ఎంతసేపు ఓర్చుకోవాలో ఎవరు చెప్పగలరు అని ఫాదర్ ఓదార్చాడు. ఇంకొక్క వేలు ఓర్చుకుని ఉంటే అని దేవస్సి తనను తాను తిట్టుకున్నాడు. నిజానికి ఇంకొక్క వేలుతో ఆగేది కాదు. అది తెలిసినా తిట్టుకున్నాడు.

సుబ్రన్ తనంతట తాను వెళ్ళి లొంగిపోయి, మొత్తం నెత్తిన వేసుకున్నాడు. వాళ్ళలో అది మర్యాద. దేవస్సి ఉన్నది ఉన్నట్టు చెప్పాడుగాని, క్రషర్ ఆఫీసులో ఉన్నవాళ్ళంతా ఏమీ చూడలేదన్నారు. చక్కుణ్ణి బయటే ఉన్నాడు.

చేతికి కట్టు ఉండగానే ఒక పొద్దున దేవస్సి వినికిడి గదిలో ఆ క్యాసెట్ పెట్టుకున్నాడు. ఇట్టూప్ ఏం విని ఏడ్చాడో తెలుసుకోవాలి. దగ్గు దాటాక, డోలు రెండు దెబ్బల మధ్య సందులో, అతనికి అది దొరికింది.

అది జరిగిన కొన్నాళ్ళకు చక్కుణ్ణి వచ్చాడు. గడప దాటలేదు, వీధిలోనే నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి, మనిషి సగమయ్యాడు.

"తమ్ముడు ఇద్దామనుకున్నాడు కదా. ఏదో ఒకటి బిగించు. నాన్న పాట వినాలి."

"ఏదో ఒకటా?"

"నాకేం తెలుసు. నువ్వే చూసి పెట్టు."

కొట్లో రెండూ ఉన్నాయి. పెద్ద వాట్ల డబ్బా ఒకటి, ఇట్టూప్ ఎంచుకున్న రెండు ముక్కలు ఒకటి. దేవస్సి వాటి మధ్య నిలబడి ఆలోచించాడు. డబ్బా బిగిస్తే డోలు తప్ప ఏమీ వినబడదు. చక్కుణ్ణి ఓ గంట ఏడ్చి, మొహం కడుక్కుని, చేపల కూరతో అన్నం తిని పడుకుంటాడు. దేవస్సి జాలిగలవాడైతే అదే బిగించేవాడు. అతనికి జాలి కలగలేదు. కలగాలని కోరుకోనూ లేదు. చక్కుణ్ణిని చంపడానికి తన దగ్గర కత్తి లేదు, ఉన్నది ఇదొక్కటే అనుకున్నాడు. రెండు ముక్కలూ వ్యాన్ ఎక్కించమన్నాడు. నలుగురు మోశారు.

సినిమా గదిలో తీగలన్నీ తన మనుషుల చేత బిగింపించి, వాళ్ళను పంపేశాడు. చక్కుణ్ణిని స్పీకర్లకు ఎదురుగా నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎడమచేత్తో క్యాసెట్ పెట్టి, చప్పుడు పెంచాడు.

డోలు వచ్చింది, ఆగింది. క్లారినెట్ లేచింది. కుంజువరీత్ దగ్గాడు. దగ్గు తరవాతి సందులో, ఎడమ స్పీకర్ వైపునుంచి, రాళ్ళబాటమీద పరిగెత్తే చిన్నకాళ్ళ చప్పుడు వచ్చింది. ముందు ఎవడో పెద్దపిల్లాడు నవ్వుతూ పారిపోతున్నాడు. వెనకనుంచి చిన్నవాడి గొంతు, ఏడుపు కలిసిన గొంతు.

"చేట్టా, ఆగు. చేట్టా, నన్నొదిలి పోకు."

పెద్దపిల్లాడు ఆగలేదు. నవ్వు కుడి స్పీకర్ వైపు పరుగెత్తింది.

చక్కుణ్ణి రెండు చెవులూ మూసుకున్నాడు. ఆ స్పీకర్లకు, ఆ ఆంప్‌కు చేతులు అడ్డమా?

"ఆపు, దేవస్సీ," అన్నాడు. "నీకు దణ్ణం పెడతా. ఆపు."

దేవస్సి కట్టుకట్టిన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"నా వేళ్ళు పనిచెయ్యవు. నువ్వే ఆపుకో."

చక్కుణ్ణి కుర్చీలోంచి లేవలేకపోయాడు. చిన్నవాడు ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. దేవస్సి తలుపు లాగి బయటికి వచ్చాడు. గది బాగా కట్టారు. బయటికి ఏమీ వినబడలేదు.